చెక్కు వెనక సంతకం

మెంఫిస్, అక్టోబరు 1933

ఐడెల్లాకు, నేను ప్రాణాలతోనే ఉన్నాను, ఏడవకు.

ధర పెరగాలని, మనం సగం వాటాకు చేసే చేలో కాపు మీదున్న పత్తిని దున్నేసినందుకు సర్కారు పంపిన చెక్కు మీద దొర పేరుతో పాటు నా పేరూ ఉంది. శనివారం దొర దాన్ని బోర్లించి, "ఇక్కడ సంతకం పెట్టరా క్లియోఫస్" అన్నాడు. "మా సగం మాకిస్తారా దొరా?" అన్నాను. దొర పక్కనున్న మేస్త్రీ, "అబ్బో, వీడికి లెక్కలు కూడా వచ్చే!" అంటూ తుపాకీ తీసి బల్లమీద పెట్టాడు. నీళ్లు తాగొస్తానని చెప్పి, పత్తి చేలకు అడ్డంపడి పరుగెత్తాను.

మన ఊరి టపా దొర కొట్లోనే దిగుతుంది కదా, అందుకని ఈ కార్డు పక్క ఊరి పాస్టరు గారి పేరున వేస్తున్నాను. చదవగానే పొయ్యిలో పెట్టు. చంటిదానికి జ్వరం తగ్గిందా? కంచరగాడిద కుంటుతూనే ఉందా? దాన్ని వదిలేసి, పిల్లలతో మీ అన్న దగ్గరికి వెళ్లిపో. ఈలోగా వాళ్లు చెక్కు పట్టుకుని గుమ్మంలోకొస్తే సగం మాట ఎత్తకు. నా పేరు రాయడం నీకు వచ్చుగా, రాసిచ్చెయ్.

మిమ్మల్ని ఆ ప్రభువే కాయాలి.

నీ క్లియోఫస్