భుజంలో సున్నం

అక్కా,

బాగానే ఉన్నాను గానీ భయంగా ఉంది. కుడి భుజం నొప్పి ఎంతకీ తగ్గక ఫిజియోథెరపీకి వెళ్లాను. లోపల సున్నం పేరుకుందట. గోడలకు సున్నాలేసేవాడికి ఇదేం ఖర్మ! షాక్‌వేవ్ అని, తుపాకీ లాంటిది భుజానికి ఆనించి టకటకా కొడతారు. మొన్న అక్కడ ఒకాయన పెట్టిన కేకకు నా గుండె జారిపోయింది. అందుకే నిన్న నొప్పి మాత్రలు మింగి వెళ్లాను. ఫిజియో మేడమ్ భుజమంతా నొక్కి, "ఎక్కడ నొప్పి?" అంది. ఎక్కడా లేదన్నాను.

"మాత్ర వేసుకున్నారా? మీరు 'అమ్మా' అన్నచోటే కదండీ నేను కొట్టాల్సింది! సోమవారం మాత్ర లేకుండా రండి" అని పంపేసింది.

ఈ చెయ్యి లేవకపోతే నన్ను నిచ్చెన ఎవరు ఎక్కనిస్తారక్కా?

బావ మడమకు ఇదే చేయించుకున్నాడుగా, ఎంత నొప్పెట్టిందో దాచకుండా వెంటనే రాయమను. చిన్నదానికి జ్వరం తగ్గిందా? దానికి నా ముద్దులు.

ఈ కార్డు అమ్మ చేతికివ్వకు. ఎడమచేత్తో రాశానని చూడగానే పట్టేస్తుంది. భుజం సంగతి దాటేసి నువ్వే చదివి వినిపించు. సోమవారం నేను అరిచేది "అమ్మా" అనే, కానీ ఆవిడకు వినపడకూడదు.

నీ తమ్ముడు