ఉప్పు లైటు మీద బొట్టు

అక్టోబర్ 9, గురువారం

ఇవాళ కూడా గ్లాసుల మీద తెల్లటి పొర. గోరుతో గీకితే పొడి రాలింది. సున్నం వేసినట్టున్నాయి.

శ్రావణంలో ఈ డిష్‌వాషర్ కొన్నదే అత్తయ్యగారి చేతుల కోసం. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, ఒక్కోసారి నెత్తురు. సబ్బునీళ్ళు ముట్టుకున్నన్నాళ్ళూ మానవని స్కిన్ డాక్టర్ తేల్చి చెప్పేశారు. పనమ్మాయి తోమితే ఆవిడకి నచ్చదు. ఇప్పుడు ఈ తెల్లటివన్నీ ఎంగిలి మరకలేనట. మేం ఆఫీసులకి వెళ్ళగానే అన్నీ మళ్ళీ చేత్తో తోమేస్తున్నారు. అడిగితే లేదంటారు. పమిటచెంగు మాత్రం తడిసి ఉంటుంది.

అక్టోబర్ 10

మెషీన్‌లో వేసే సబ్బు టాబ్లెట్ మార్చాను. అదే తెలుపు.

అక్టోబర్ 11, సాయంత్రం

ఒక గ్లాసు వెనిగర్‌తో రుద్దితే పొర ఇట్టే పోయింది. అంటే ఎంగిలీ కాదు, సబ్బూ కాదు. నీళ్ళలో ఉన్న సున్నం.

మా ఆయన కౌశిక్ ఉద్యోగం మండవల్లిలో చేపల చెరువుల నీళ్ళు టెస్ట్ చేయడం. ఇంట్లో బోరు నీళ్ళు చూడ్డానికి మాత్రం తీరిక లేదు. దెప్పితే కిట్ తెచ్చాడు. హార్డ్‌నెస్ రెండుసార్లు చూశాడు. ఇంత ఏ చెరువులోనూ చూడలేదన్నాడు.

అందుకేగా మెషీన్‌లో సాల్ట్ పోసేది. అది అయిపోతే లైటు వెలగాలి. వెలగలేదే.

అక్టోబర్ 12, ఆదివారం

దొరికింది.

దసరా నాడు మిక్సీకి, ఫ్రిజ్‌కి, నా స్కూటీకి పెట్టినట్టే మెషీన్‌కీ అత్తయ్యగారు గంధం, కుంకుమ పెట్టారు. సరిగ్గా సాల్ట్ లైటు మీద. తడిగుడ్డతో తుడిచానో లేదో, కింద ఎర్రగా వెలుగుతోంది. ఎన్నాళ్ళ నుంచి వెలుగుతోందో పాపం.

సాల్ట్ మూత తీస్తే లోపల ఉత్త నీళ్ళు. మెషీన్ బిగించినతను పోసిన ఉప్పు ఎప్పుడో అయిపోయింది. నేను రోజూ ఏడింటికి ఆఫీసుకి తాడేపల్లిగూడెం ట్రైన్ ఎక్కాలి కాబట్టి అది పోసే పని కొన్నప్పుడే అత్తయ్యగారికి అప్పగించాను. ప్యాకెట్లు రెండూ స్టోర్‌రూమ్‌లో బియ్యం డ్రమ్ము వెనక దొరికాయి. పీట మీద, విప్పకుండా.

కోపం వచ్చింది. గట్టిగానే అడిగాను. ఆవిడ చేతులు పమిటలో దాచుకున్నారు. ఉప్పంటే లక్ష్మి కదమ్మా, ఎంగిలి కంచాలు కడిగే చోట ఎలా పొయ్యనూ అన్నారు. చెబితే నేను చాదస్తం అంటానని చెప్పలేదట. అనేదాన్నే. చేతులు పగిలినా సరే గానీ ఉప్పుని ఎంగిల్లో కలపననుకున్న మనిషిని ఏమని తిడతాను?

అక్టోబర్ 13

ట్రైన్‌లో పోనూ రానూ ఇదే ఆలోచన. ఇంటికి రాగానే ఆవిడని మెషీన్ దగ్గర కూర్చోబెట్టి చూపించాను. ఉప్పుకి వేరే అర ఉందండీ, అది కంచాల జోలికి రాదు, వచ్చే నీళ్ళని బాగుచేయడం వరకే దాని పని అని. ఆవిడ వంగి చాలాసేపు చూశారు. అయితే ఇది నీళ్ళకి మడి కట్టడం అన్నమాట అన్నారు. అవునండీ అన్నాను. కౌశిక్ కెమిస్ట్రీ మొదలుపెట్టబోతే కళ్ళెర్రజేశాను.

అక్టోబర్ 17, శుక్రవారం

తలస్నానం చేసి ఉప్పు ఆవిడే పోశారు. కొత్త గరాటు కావాలంటే తెచ్చాను. హార్డ్‌నెస్ సెట్టింగ్ కౌశిక్ పెంచాడు. బొట్టు ఈసారి తలుపు మీద పెట్టించాను.

అక్టోబర్ 19

గ్లాసులోంచి కిటికీ కనిపిస్తోంది. అత్తయ్యగారు ఒక్కో గ్లాసూ వెలుతురుకి పట్టి చూశారు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, బాగానే ఉన్నాయిలే అని అలమరలో సర్దేశారు. మళ్ళీ తోమలేదు. నాకు ఏడుపొచ్చింది. గ్లాసులు చూసి ఏడ్చింది ఏలూరు మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నవంబర్ 9, ఆదివారం

మధ్యాహ్నం నన్ను పిలిచి కింద కూర్చోబెట్టి తలకి నూనె పెట్టారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. తన చేతి పగుళ్ళలో జుట్టు చిక్కుకుని నాకు నొప్పెడుతుందని ఇన్నాళ్ళూ పిలవలేదట.

ఇవాళ ఒక్క వెంట్రుకా చిక్కుకోలేదు.