తొంభై సెంట్ల చేను, బిందెడు బోరునీళ్లు

భీమవరం దగ్గరి పేరుమళ్లగూడెం కాపురస్తురాలు, కీర్తిశేషులు నేలపూడి సాల్మన్ గారి భార్య తబిత అను నేను, యాభయ్యో ఏట, దేవుని ఎదుట నా చేత్తో రాసుకున్న వీలునామా. నా మతి స్థిరంగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. విసిగించారు, అంతే. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఆరాధన అవగానే నా కొడుకు, మరిది రొయ్యల చెరువు లీజు కాగితం పట్టుకుని గుడి మెట్ల దగ్గర నిలబడుతున్నారు. నేను పోయాక ఆ సంతకం తామే పెట్టుకోవచ్చన్న ఆశ వాళ్లకు మిగలకూడదని ఇప్పుడే రాస్తున్నాను.

1. సాల్మన్ పాలేరుగా కష్టపడి నా పేర కొన్న తొంభై సెంట్ల వరిచేను నా కూతురు ఆశాజ్యోతికి. జీవితాంతం సాగు చేసుకోవచ్చు. అమ్మే హక్కు గాని, చెరువుకిచ్చే హక్కు గాని లేదు. తదనంతరం చేను మా సంఘానికి చెందుతుంది. అమ్మా, వేసవిలో పచ్చిరొట్టకి జీలుగ చల్లి కలియదున్నించు. కాలవ వదలగానే మడి నిండా నీరు పెట్టి మురుగుకాలవలోకి తీసెయ్. చెరువుల నుంచి దిగిన ఉప్పు ఒక్క ఏడాదిలో పోదు, విసుక్కోకు. ఆ విసుక్కునే పని నేను చేసేశాను.

2. డాబా ఇల్లు, సాల్మన్ బండి నా కొడుకు శ్యాంబాబుకి. "చుట్టూ చెరువులే, మనదొక్కటే ఏం పండుద్దే అమ్మా?" అంటాడు. చుట్టూ చెరువులు కాబట్టే పండటం లేదురా అని ఎన్నిసార్లు చెప్పాలి? వాడికి సండే స్కూల్లో బహుమతిగా వచ్చిన బైబిలు దాచాను, అదీ వాడికే. పేరు పక్కన వాడే గీసుకున్న ట్రాక్టరు బొమ్మ ఉంటుంది.

3. మరిది ముసలయ్యకి మా బోరునీళ్లు ఒక బిందె. మా పక్కనే ఉన్న తన చేను చెరువుకిచ్చాడు. ఉప్పునీరు మా వైపు ఊరకుండా గట్టు వెంబడి ఊటకాలవ తవ్విస్తానని నాలుగేళ్లుగా చెబుతున్నాడు. ఈలోపు ఉప్పు మా చేలోకీ, బోరులోకీ దిగింది. "ఉప్పెక్కడుందండి వదినగారూ, మీ నాలుకలో ఉంది" అంటాడు. నా జ్ఞాపకార్థ కూడికలో ఆయనకి ఆ నీళ్లతోనే టీ పెట్టాలి. పాలు విరిగితే విరిగినట్టే ఇవ్వాలి. ఆయన్ని క్షమించాను. టీ మాత్రం తాగాలి.

4. వీటిని అమలు చేయవలసింది మా పాస్టరు దేవవరం గారు. అయ్యగారూ, ఒకటి ఒప్పుకోవాలి. గత రెండు కోత పండుగలకి నేను గుడిలో కానుకల బల్ల మీద పెట్టిన బియ్యం మా చేనివి కావు. గింజ పట్టక పంట తాలు పోయింది. వట్టి చేతులతో రాలేక కొట్లో కొన్నాను. "తబితమ్మ గారి చేని బియ్యం చూడండి" అని మీరు అందరికీ చూపించారు. నేను తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారు. ఊరి పెద్దల దగ్గర నేను ఉప్పు సంగతి ఎత్తితే, ముసలయ్య ఆ బియ్యం సంగతే చెప్పి, "చేను బాగానే పండుతుంది కదండి" అన్నాడు. నా ఫిర్యాదు అక్కడితో పోయింది.

ఈ పండుగకి తాలు సంచి నేనే తెస్తాను. నా తరవాత ఆశ తెస్తుంది. గట్టి గింజ పండేవరకు దాన్ని బల్ల మీదే పెట్టనివ్వండి. అందరూ చూడాలి.

తేదీ: 18 నవంబరు 2024
(సంతకం) నేలపూడి తబిత

సాక్షులు:
1. సత్యకుమారి, టీచరు
2. వీరబాబు, చేపల వ్యాపారం