ముళ్ళ గొలుసుకి దూది లైనింగు

మా చిన్నారికి, పెద్దమ్మ గంపెడు దీవెనలతో రాస్తున్నది.

నువ్వేదో కతోలిక సంఘం మీటింగులకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ సంఘం పేరు వినగానే, నా కుట్టు కొట్లో గౌను కొలతలిస్తున్న లైబ్రరీ ఆవిడ బిగుసుకుపోయింది. నడుము కొలత మళ్ళీ తీయాల్సి వచ్చింది. వాళ్ళ దగ్గర తెల్లంగీ సన్యాసి ఉంటాడట, ఎవర్ని చంపమంటే వాళ్ళని చంపేస్తాడట. ప్రభుత్వాలన్నీ వాళ్ళ గుప్పిట్లోనేనట. చేరినవాళ్ళ తొడకి ముళ్ళ గొలుసు కట్టిస్తారట. నిజం రాయి.

ఇట్లు,
హడలిపోయిన పెద్దమ్మ

తా.క. పార్సిల్లో రెండు లోపావడాలున్నాయి. తొడ దగ్గర దూది పెట్టి కుట్టాను. సన్యాసి సంగతి నువ్వే చూసుకోవాలి.

*

పెద్దమ్మకి, లిఫ్టులు బాగుచేసే నీ చిన్నారి నమస్కారాలు.

ఆ సన్యాసి ఏదో నవల్లోంచి వచ్చినవాడు. ఇక్కడున్నది నర్సులు, టీచర్లు, బేకరీ నడిపే ఆవిడ. ఇల్లూ ఉద్యోగం వదలకుండా భక్తిగా బతకాలనుకునేవాళ్ళు. ప్రభుత్వాల మాటంటావా, హాల్లో ఫ్యాను బాగుచేయించడానికే ఏడాదిగా తంటాలు పడుతున్నారు. గొలుసు మాత్రం నిజమే. పెళ్ళి వద్దనుకున్న సభ్యుల్లో కొందరు తపస్సుగా, ఇష్టపడి రోజూ కాసేపు కట్టుకుంటారు. నేనింకా సభ్యురాలిని కాదు. చేసే పని శ్రద్ధగా చేస్తే అదే ప్రార్థన అన్నారు, ఆ మాట నచ్చి వెళ్తున్నాను. లిఫ్టు తలుపు చప్పుడు లేకుండా మూసుకున్నప్పుడు నాకూ అలాగే అనిపిస్తుంది.

ప్రేమతో,
నీ చిన్నారి

తా.క. లోపావడాలు హాయిగా ఉన్నాయి. రోజూ అవే.

*

చిన్నారికి,

గొలుసు నిజమే అన్నచోట నా కళ్ళు తిరిగాయి. తరవాత రాసింది మళ్ళీ చదివితేగాని ఎక్కలేదు. లోపావడాలు హాయిగా ఉన్నాయంటే అప్పుడే నీకు గొలుసు కట్టేశారన్నమాట. లైబ్రరీ ఆవిడ ఈసారి పేపరు తెచ్చింది. ఆ సంఘంవాళ్ళు చదువు చెప్పిస్తామని తీసుకెళ్ళి వంటింట్లో పెట్టారని, బయటికి రావడం గగనమైందని కొందరు ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారట. ఇది నవల కాదమ్మా. దీనికి జవాబేది?

ఇట్లు,
నిద్ర పట్టని పెద్దమ్మ

తా.క. పనే ప్రార్థనైతే, నేనిన్నాళ్ళూ కుట్టిన కాజాలు కూడా లెక్కలోకి వస్తాయా? కోపంగానే అడుగుతున్నాను, కానీ చెప్పు.

*

పెద్దమ్మా,

నాకు గొలుసూ లేదు, గోలా లేదు. లిఫ్టు పనిలో ఇనుప మెట్ల మీద కూర్చోవడానికి ఆ దూది హాయి.

పేపరు సంగతి మాత్రం కొట్టిపారేయలేకపోయాను. ఆదివారం నిండు హాల్లో లేచి సంఘం పెద్దావిడనే అడిగాను: "ఆ వంటింటి ఆడవాళ్ళు ఇష్టపడి చేరారా, మీరు మభ్యపెట్టి చేర్చుకున్నారా? రేపు నేను వెళ్ళిపోతానంటే నవ్వుతూ పంపిస్తారా?" ఆవిడ, కొన్ని చోట్ల తప్పులు జరిగాయని, అబద్ధమని తోసేయలేనని చెప్పింది. మంచిపనులూ ఉన్నాయంది, అదీ నిజమే. పూర్తి జవాబు దొరికేదాకా ప్రార్థనకి వస్తాను కానీ పేరు రాయించుకోనని చెప్పి కూర్చున్నాను.

నీ చిన్నారి

తా.క. కాజాలు లెక్కలోకి వస్తాయి. మీ లైబ్రరీ ఆవిడతో చెప్పుకునే చాడీలు రావు.

*

మా బంగారానికి,

నువ్వు రాసిందంతా నాకు తెలుసు. ఆ హాల్లో చివరి వరసలో నేనున్నాను.

నువ్వు గుర్తుపట్టకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కింటావిడ శాలువా కప్పుకుని వచ్చాను. నిన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోదామని వీధిలో టాక్సీ కూడా ఆపి ఉంచాను. సరిగ్గా లేవబోతుంటే నువ్వు లేచావు. నువ్వడిగింది విన్నాక నేను కూర్చుండిపోయాను. పక్కనున్న నర్సమ్మ, "ఎవరండీ ఆ అమ్మాయి?" అంది. "మా చెల్లెలి కూతురు, పెంచింది నేనే," అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, మూడు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. నువ్వు తిరగలేదు. జవాబు కోసం నిలబడే ఉన్నావు.

చేరతావో మానతావో నీ ఇష్టం. నాకిక దిగుల్లేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. అమ్మాయిని తీసుకురాలేదేమని టాక్సీ అతను అడిగాడు. "దాన్ని ఎవరూ ఎక్కడికీ లాక్కుపోలేరు నాయనా, నేను కూడా," అన్నాను.