దూరం జరిగే స్టేషను

రాయపూర్,
14-2-1951

పెదనాన్నగారికి నమస్కారాలు.

నాన్న సంవత్సరీకానికి మీరు ఎలాగూ వస్తారు. ఆలోగా అమ్మ పేరున ఒక ఉత్తరం రాయమని అడుగుతున్నాను.

పోయినవారు పితృలోకం చేరడానికి ఏడాది పడుతుందని, ఆ దారిలో ఆకలి తీర్చడానికే నెలనెలా మాసికం పెడతామని అమ్మ నమ్మకం. విశ్వం విస్తరిస్తోందని, దానికి అంతు ఉందో లేదో ఎవరికీ తెలియదని నేను ఒక పుస్తకం చదివి వినిపించాను. అప్పటి నుంచి అమ్మకు అదే దిగులు. సంవత్సరీకం అయితే మాసికాలు ఆగిపోతాయని, అసలు అదే వద్దంటోంది.

"గార్డు పెళ్లాన్ని, నాకు తెలీదేటి? బండి ఎళ్తుంటే టేసను కూడా జరిగిపోతే మీ నాన్న ఎప్పుడు దిగుతాడే? ఏడాదికే కూడు ఆపేస్తే మద్దెలో ఏటి తింటాడు?"

అలా దూరమవుతున్నవి మన కంటికి కనబడని నక్షత్ర మండలాలేనని చెప్పాను.

"మీ నాన్న కనబడతన్నాడేటి?" అంది.

సంవత్సరీకం మానితే నాన్నకు గతి ఉండదని పంతులుగారు కోప్పడుతున్నారు. అమ్మ సరిగా తినడం లేదు.

మీ మాట అమ్మ కాదనదు. నేను చదివింది అబద్ధమని మాత్రం రాయకండి. సంవత్సరీకం అయ్యాక కూడా నాన్నకు అన్నం పెట్టవచ్చని రాయండి.

మీ తమ్ముడి కూతురు