రెండో లీవరు

తిరుత్తణి,
జూలై 1981.

చి.ల.సౌ. వనజాక్షికి ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. మణవాళనగర్‌లో పుట్టింట నువ్వూ అత్తయ్యా బాగున్నారని తలుస్తాను. మీ తమ్ముడు వెంకటముని కాలికి కట్టు విప్పారని రాయించావు, ఆ మాటకే కొండకేసి దణ్ణం పెట్టుకున్నాను. ఆడికృత్తిక పండక్కి కావళ్ళు మోసుకొచ్చే భక్తులతో ఊరంతా కిక్కిరిసి ఉంది. అమ్మకు దగ్గు తగ్గింది.

కొత్త లారీ నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. క్వారీ ఓనరు ఆరుముగం మిలిటరీ వేలంలో కొన్న ఆ బండికీ పాతదానిలాగే నాలుగు చక్రాలూ లాగుతాయి. గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసని ఒక పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచేది అదే. పాతదానిలో దాని లీవరు ముందు చక్రాలను కలపడానికి మాత్రమే. వెనక చక్రాలు ఎప్పుడూ గేరుకు కట్టుబడే ఉంటాయి గనుక, గేరులో వేసి దిగితే బండి కదలదు. కొత్తదాని లీవరుకు నడుమ న్యూట్రల్ ఉంది. ఇనుపతాడు చుట్టే వించితో బండలు లాగేటప్పుడు అక్కడ పెట్టాలి. పని అయ్యాక తీయకపోతే ఏ గేరు వేసినా చక్రాలను పట్టదు. ఆ రోజు బండలు లాగాక, పాత బండి అలవాటులో ఇది నా బుర్రకు తట్టక లీవరు అక్కడే వదిలేశాను.

నా బండికి క్లీనరుగా వచ్చిన తమ్ముడు చక్రం కింద రాయి పెట్టకపోవడం నిజమేనా అనీ అడిగావు. నిజమే. ఎందుకు పెట్టలేదో ఎవరికీ చెప్పలేదు నేను. ఆ బండికి హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టదు. వాలులో నేను దిగుతుంటే వాడు రాయి చేతిలో పట్టుకుని, "పెట్టాల్నా బావా? ఈ లీవరు వేరే మాదిరి ఉండాదే" అన్నాడు.

"గేర్లో ఉండాది లేరా. యాడికి పోతాది?" అన్నాను.

బండి వాడి కాలిమీదికే పోయింది. ఓనరు వచ్చేసరికి, "రాయి పెట్టమంటే యినలేదు సార్" అన్నాను. వాడు నొప్పితో మూలుగుతూ నావైపు చూసి ఊరకున్నాడు. వాడి పని పోయింది, నాది నిలిచింది. అత్తయ్య రోజూ వాణ్ణి తిడుతోందని విన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను వనజా. రేపు ఓనరుకు ఉన్నదున్నట్టు చెబుతాను. నన్ను తీసేసినా సరే.

నీకు చదవడం వచ్చింది అరవం, నాకు రాయడం వచ్చింది తెలుగు. ఇది చదివి వినిపించేది వాడేనని తెలుసు. మునీ, నా పరువు పోతుందని ఈ ముక్కలు దాటేసి, చివర అందరినీ అడిగానని చెబుతావు నువ్వు. అలా చేయొద్దు నాయనా. మళ్ళీ మొదటినుంచి చదువు, అత్తయ్యకు వినబడేటట్టు.

ఇట్లు,
మీ బావ