కారెక్కని మీ మరిది

రైల్వే క్వార్టర్లు, ట్రాఫిక్ సెటిల్‌మెంటు, ఖరగ్‌పూర్.

అప్పకి,

నీ చెల్లి నరసమ్మ దండాలు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలు బాగున్నారా? ఇక్కడ మేమంతా ఒంట్లో బాగానే ఉన్నాం. ఇంట్లో మాత్రం బాగాలేదు. పూజా సెలవులైన దగ్గర్నుంచి మీ మరిదికి అన్నం పెడుతున్నాను గానీ మాట్లాడడం లేదు. ఎందుకో నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మన పార్వతి సంగతి నీకు తెలుసు. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిన దగ్గర్నుంచి బడి, క్వార్టరు తప్ప పిల్ల ఏమీ చూడలేదు. ఈ సెలవులకి సువర్ణరేఖ ఒడ్డుకి వెళ్దామంటే దాని సంబరం చూడాలి! ఏట్లో కాళ్లు పెట్టుకుంటానని ముందే గౌను తీసి పెట్టుకుంది. పక్క క్వార్టరు సింహాద్రి వాళ్లు గోల్‌బజార్‌లో కారు అద్దెకి మాట్లాడి, మాకూ చోటుందన్నారు. నేను సరేనన్నాను. మీ మరిది అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“రైలోడు కారు అద్దెకి తీసుకుంటాడేటి? వర్క్‌షాపులో నవ్వరా? పాసుంది. ఝార్‌గ్రామ్ దాకా బండి, దిగితే బస్సు కనెక్షను. ఠీక్ హై?”

ఇక్కడి వర్క్‌షాపు వాళ్లకి ఇదో పరువు అప్పా. ప్రయాణానికి డబ్బిచ్చాడంటే వాడసలు రైల్వేవాడే కాదన్నట్టు చూస్తారు. కనెక్షనట! ఈయన లెక్కలో బస్సు కూడా రైలు లాంటిదే, మన బండి ఆలస్యమైతే అది కాచుకుని ఉంటుంది. బండి ఆలస్యంగానే చేరింది. బస్సు లేదు. కనెక్షను బస్సు ఎలా వదిలేశారని స్టాండులో మనిషిని పట్టుకుని ఈయన దబాయించారు. “ఎటా రేల్ నా దాదా, బాస్!” ఇది రైలు కాదన్నా, బస్సూ అని అతను పగలబడి నవ్వాడు. నిండితే పోతుందట, నిండకపోతే ఉంటుందట.

తర్వాతి బస్సులో మేకల మధ్య, బుట్టల మధ్య నిలబడి వెళ్లాం. ఎవరో పార్వతి కాలు తొక్కేశారు. అది ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది. పోనీ ఆ బస్సయినా ఏటి దాకా వెళ్లిందా? సగం దారిలో చెడిపోయింది. పిల్లని ఎత్తుకుని కొంతదూరం నడిచి, ఇక వల్లకాక రోడ్డు పక్కన కూలబడ్డారు మీ మరిది. పొద్దు వాలిపోయింది. ఏరు లేదు, గీరు లేదు.

అప్పుడే ఏటి నుంచి తిరిగొస్తున్న సింహాద్రి వాళ్ల కారు మమ్మల్ని చూసి ఆగింది.

“ఎక్కన్నా, సర్దుకుందుం. పాపని సూడు, ఎలాగ వాడిపోనాదో” అన్నాడు సింహాద్రి.

“మీరెల్లండ్రా. మాకు బస్సొస్తాది” అన్నారు ఈయన.

ఏం బస్సు? ఎక్కడి బస్సు? నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లని ఆయన ఒళ్లోంచి లాక్కుని కారెక్కాను. “పాసుంది కదేటి? దాని మీదే రండి” అని తలుపు వేసుకున్నాను. ఆయన మర్నాటికి ఇల్లు చేరారు. పైగా, “అంత జరిగినా నాను కారెక్కనేదు” అని షాపులో గొప్పగా చెప్పుకుంటున్నారట! వినగానే గిన్నె విసిరికొట్టాను.

ఇటు ఎవరైనా వస్తుంటే పార్వతికి తాటి తాండ్ర పంపించు. అత్తకీ మావయ్యకీ నా దండాలు చెప్పు. పిల్లని చల్లగా ఉండమని దీవించు. మీ మరిది తన దండాలు కూడా రాయమని గుమ్మంలోంచి అరిచారు. నేను రాయను.

కోపం దిగమింగుకోమంటావని తెలుసు. దిగమింగేదాన్నే. కానీ ఆ రోజు కారులో పార్వతి వెనక అద్దంలోంచి వాళ్ల నాన్ననే చూస్తూ కూర్చుంది. ఆయన కనపడకుండా పోయాక నావైపు తిరిగి అడిగింది.

“అమ్మా, నాన్నకి కూడా నాలాటి కాలుంటే కారెక్కీవోడేటి?”

ఆయనతో మాట్లాడితే ముందు ఈ మాటే చెప్పాలి అప్పా. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఇట్లు
నీ చెల్లి
నరసమ్మ